విధవ బండి సొంత గాలి

నాల్వా పళ్ళ మధ్య ఎప్పుడూ ఒక ముల్లు ఉండేది. తుకుం తాటిచెట్టు ముల్లు, నల్లగా, సూదిలా. మాట్లాడేటప్పుడు కూడా తీసేది కాదు, పెదవి మూలకి నెట్టేసేది, అంతే. టోపీ పట్టీలో ఇంకో మూడు ఉండేవి. పంటు మీద నది దాటి ఇసకలోకి దిగే ముందు బండి ఆపి, నాలుగు చక్రాల వాల్వుల్లోనూ నాలుగు ముళ్ళు గుచ్చేది. గాలి బుస్సుమని పోతూ ఉంటే రేవు పక్కనున్న కొట్టులో నిలబడి కాఫీ తాగేది. కాఫీ అయ్యేసరికి చక్రాలు కాస్త చతికిలబడేవి. అప్పుడిక ఇసక మీద మునక్కుండా పాకుతూ పోతాయి.

ఆ దారిలో బండి తోలే వాళ్ళందరికీ కొలత అదే. ఎంత గాలి తీశావంటే ఒక కాఫీ అనేవాళ్ళు. వానలకి ఇసక గట్టిపడితే అరకాఫీ. ఎండలు ముదిరి ఇసక పిండిలా అయిపోయిన రోజుల్లో కాఫీ తాగి, కొట్టువాడితో కాసేపు పోట్లాట కూడా పెట్టుకుని రావాలి.

తీయడం సులువే. తిరుగు ప్రయాణంలో పెట్టడమే కష్టం. పంటు ఇవతలి ఒడ్డు నుంచి బారెయిరిన్యాస్ పట్నం మీదుగా తారురోడ్డు పోతుంది. మెత్తటి చక్రాలతో తారు మీద పరిగెత్తితే అవి కాలి, పక్కలు చిట్లి, నెల తిరక్కుండా పీలికలవుతాయి. అందుకని పంటు దిగిన ప్రతి బండీ రేవు మొదట్లో ఉన్న రేకుల షెడ్డు ముందు ఆగేది. గాలి కొట్టే యంత్రం ఆ చుట్టుపక్కల అదొక్కటే. షెడ్డు వల్దెసీర్ ది. బండి తోలేవాళ్ళ సంఘానికి పెద్ద కూడా అతనే.

నాల్వా బండి అసలు ఆమె మొగుడు జోసియెల్ ది. పాత టొయోటా, వెనక చెక్క బల్లలు వేసి, పైన గుడ్డ కట్టినది. జోసియెల్ గుండె ఆగిపోయింది స్టీరింగు ముందే, దిబ్బ దిగుతూ, బండి నిండా జనం ఉండగా. చెయ్యి ఛాతీ మీదకి పోయే ముందు అతను బండిని న్యూట్రల్లో వేసి బ్రేకు లాగాడు. ఎక్కినవాళ్ళలో ఒక్కరికి గీత కూడా పడలేదు. చర్చిలో ఏడోరోజు పూజ అయిన మర్నాడు నాల్వా తాళంచెవి తీసుకుని బండెక్కింది. అప్పటిదాకా ఆమె పక్క సీట్లో కూర్చుని చేపల బుట్టలు చూసుకున్న మనిషే గానీ స్టీరింగు పట్టింది తక్కువ. మొదటి వారం ప్రతి దిబ్బ దగ్గరా కూరుకుపోయింది. దిగి, తవ్వి, మళ్ళీ ఎక్కింది.

రేవులో మగాళ్ళు ఆ బండికి విధవ బండి అని పేరు పెట్టారు. అదిగో విధవ బండి వస్తోంది, పక్కకి జరగండర్రా, అనేవాళ్ళు. నాల్వా ఒకరోజు ఎర్ర రంగు డబ్బా కొనుక్కొచ్చి ముందు బంపరు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి 'విధవ' అని తనే రాసింది. అక్షరాలు వంకరపోయాయి. ఎవరో నవ్వితే, "నా పేరు మీరు పెట్టారు, రాత నాది," అంది. ఆ తర్వాత ఆ మాట ఎవరన్నా పసలేకుండా పోయింది.

ఆమె పని ఒక్కటే. ఇసకలో దూరంగా ఉన్న సొకో పల్లె నుంచి తెల్లవారకముందే రెండుసార్లు హారను కొట్టి జనాన్ని ఎక్కించుకోవడం, పట్నంలో దింపడం. ఆసుపత్రికి పోయేవాళ్ళు, చేపలు అమ్ముకునేవాళ్ళు, పింఛను కోసం పోయే ముసలివాళ్ళు. మధ్యాహ్నం మళ్ళీ వాళ్ళందరినీ ఏరుకుని ఇంటికి చేర్చడం. జోసియెల్ ఉన్నన్నాళ్ళూ అదే చేశాడు. ఆ రెండు హారన్లు వినకపోతే సొకోలో పొయ్యి వెలిగించడం కూడా మర్చిపోయేవాళ్ళు.

ఆ ఏడు జూన్ లో వానలు తగ్గుముఖం పట్టాయి. దిబ్బల మధ్య నీటిగుంటలు నిండి నీలంగా మెరిశాయి. ఆ నీళ్ళు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం మెడలో కెమెరాలు తగిలించుకుని దిగారు. సంఘం సమావేశం పెట్టి కొత్త కట్టడి చేసింది. బళ్ళన్నీ సాయంత్రానికే పట్నం చేరుకోవాలి, తెల్లారేసరికి హోటళ్ళ ముందు వరసలో నిలబడాలి. సొకోకి పొద్దున బండి ఉండదు. పల్లెవాళ్ళు ఖాళీ దొరికినప్పుడు ఎక్కాలి.

మర్నాడు తెల్లవారకముందే సొకోలో నాల్వా హారను రెండుసార్లు మోగింది.

అలా కొన్నాళ్ళు నడిచింది. మిగతా బళ్ళు మానేయడంతో చుట్టుపక్కల పల్లెల వాళ్ళు కూడా ఆమె బండి కోసమే నడిచి వచ్చేవాళ్ళు. ఒకరోజు ఆమె పంటు దిగి షెడ్డు ముందు ఆపి, ఎప్పటిలా గొట్టం అందుకుని చక్రం దగ్గర కూర్చుంది. వల్దెసీర్ లోపలి నుంచి వచ్చాడు. పొట్ట మీద చొక్కా గుండీలు పెట్టుకోడు, మెడలో వెండి శిలువ. జోసియెల్ కి ప్రాణస్నేహితుడు. శవపేటిక ముందు కొమ్ము మోసింది అతనే. అతను వంగి ఆమె చేతిలోంచి గొట్టం మెల్లగా, పసిపిల్ల చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు తీసుకున్నాడు. తీసుకెళ్ళి మేకుకి తగిలించాడు.

"వరసలోకి రా వదినా," అన్నాడు. "వచ్చిన రోజు నీ చక్రాలకి నేనే గాలి పెడతా. రానంటే మాత్రం ఇక్కడ నీకు గాలి లేదు."

పంటు కోసం ఆగిన బళ్ళవాళ్ళందరూ చూస్తున్నారు. ఆమె బండి మీద ఫిలో ముసలమ్మ ఉంది, కళ్ళకి పొరలు కమ్మిన మనిషి, ఆ రోజు ఆసుపత్రికి పోవాలి. ఏమైందని పక్కవాళ్ళని అడుగుతోంది.

"గాలి కూడా నీదేనా?" అంది నాల్వా.

"గాలి దేవుడిది. గొట్టం నాది." చుట్టూ నవ్వారు. వల్దెసీర్ నవ్వలేదు. గొంతు తగ్గించి, ఇదంతా నీ మంచికేనని, ఈ బండి ఎన్నాళ్ళు తోలగలవని, తోలలేకపోతే తన మేనల్లుడు కొనుక్కోవడానికి సిద్ధంగా ఉన్నాడని చెప్పాడు. జోసియెల్ ఉంటే ఇదే చెప్పేవాడని కూడా అన్నాడు. అక్కడే తప్పు చేశాడు.

నాల్వా ముల్లుని పెదవి మూలకి నెట్టింది. "అయితే గొట్టం నీ దగ్గరే ఉంచుకో. గాలి సంగతి నేను చూసుకుంటా."

చూసుకోవడమంటే మొదట చేతిపంపు. నాలుగు పెద్ద చక్రాలకి చేతిపంపుతో గాలి కొట్టడమంటే ఏమిటో కొట్టినవాళ్ళకే తెలియాలి. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. గుడ్డ చుట్టుకుని కొట్టింది. సగం జనం విసుక్కుని దిగి నడిచిపోయేవాళ్ళు, వాళ్ళ పనులు వాళ్ళవి. చేపలు ఎండకి వాసన పట్టేవి. షెడ్డు గోడ నీడలో కూర్చున్న బండివాళ్ళు ఆమె పంపు దెబ్బలు పాటకి తాళం వేసినట్టు లెక్కపెట్టేవాళ్ళు. ఇలాగే సాగితే గుంటల్లో నీళ్ళు ఎండేలోగా పల్లెవాళ్ళే తనని వదిలేస్తారని, బండి మేనల్లుడి పాలవుతుందని నాల్వాకి తెలుసు. అందుకే ఒక మధ్యాహ్నం బెనే దగ్గరకి పోయింది.

బెనేది పట్నం చివర తుక్కు దుకాణం. గుద్దుకుని చచ్చిన కార్లన్నీ అక్కడికే చేరేవి. వెల్డింగు పొగకి ఎర్రబడ్డ కళ్ళు, నోరు మూతపడని మనిషి. ఆమె సంగతంతా విని, ఒక కారు బానెట్ ఎత్తి, ఇంజను పక్కనున్న గుండ్రటి ఇనప ముద్దని కాలితో తన్ని చూపించాడు. కారులో చల్లగాలి రావడానికి గ్యాసుని నొక్కే కంప్రెసర్ అది.

"గ్యాసు పెడితే గ్యాసుని నొక్కుతుంది, గాలి పెడితే గాలిని నొక్కుతుంది. దానికేం పట్టింపు లేదక్కా. దక్షిణాన పశువుల లారీ వాడొకడు పెట్టుకుంటే చూశాను. ఇంజను తిరిగితే ఇదీ తిరుగుతుంది. నీ గాలి నీ బండిలోనే పుడుతుంది."

"ఇసకలో ఉన్నా?"

"ఎక్కడున్నా. బండి ఎక్కడుంటే షెడ్డు అక్కడే."

నాల్వాకి ఆ మాట నచ్చింది.

పని అనుకున్నంత సులువుగా లేదు. ఇంజను పక్కన కంప్రెసర్ కూర్చోవడానికి చోటే లేదు. బెనే పాత బస్సు అడుగుభాగం నుంచి దళసరి రేకు కోసి, వంచి, బ్రాకెట్ చేశాడు. కూర్చోబెట్టి ఇంజను వేస్తే బెల్టు పక్కకి జారి ఎగిరిపడింది. మళ్ళీ విప్పాడు, మళ్ళీ బిగించాడు, ఈసారి బెల్టు ఈలలు వేసింది. ఈ పుల్లీ, ఆ పుల్లీ ఒకే గీతలో లేవని తెలుస్తోంది గానీ ఎంత తేడానో కంటికి ఆనడం లేదు. నాల్వా చేపల గాలపు దారం తెచ్చి ఈ పుల్లీ అంచు నుంచి ఆ పుల్లీ అంచుకి లాగి పట్టుకుంది. దారం ఒక చోట వేలెడు ఎడంగా నిలబడింది. బ్రాకెట్ ని అంత లోపలికి జరిపి అతికిస్తే బెల్టు నోరు మూసుకుంది.

గాలి నిలవ ఉండటానికి ఆ బస్సుదే బ్రేకుల గాలి ట్యాంకు తీసి బల్లల కింద బిగించారు. గాలి మితిమీరితే తనంతట తాను ఊదేసే వాల్వు ఒకటి పెట్టాలని బెనే పట్టుబట్టాడు. అది దొరికేదాకా ఇంజను వెయ్యనివ్వలేదు. "నువ్వు పైకి పోతే జోసియెల్ కి నేనేం సమాధానం చెప్పాలి," అన్నాడు. కంప్రెసర్ గాలి పీల్చుకునే గొట్టం దగ్గర ఇద్దరికీ పోట్లాట వచ్చింది. బెనే దాన్ని ముందు జాలీ వెనక పెట్టబోయాడు. అక్కడ పెడితే రోజుకో గరిటెడు ఇసక మింగుతుందని నాల్వా అంది. చివరికి గొట్టాన్ని లోపలికి లాగి, ఆమె సీటు వెనక, మూతికి గుడ్డ చుట్టిన వడపోత పెట్టారు. ఇక కంప్రెసర్ని తిప్పడానికి, ఆపడానికి మీట కావాలి. బెనే దగ్గర కారు మీటలు లేవు. ఇంట్లో దీపం వేసుకునే తెల్ల స్విచ్చి ఒకటి స్టీరింగు పక్కన మేకులతో కొట్టాడు.

ఇంకొకటి మిగిలింది. ఈ కంప్రెసర్ ఒంట్లో నూనె నిలవ ఉండదు. కారులో అయితే గ్యాసుతో కలిసి నూనె తిరుగుతుంది, గాలిలో నూనె ఎక్కడిది? అందుకని పాత లేతు మిషను మీది గాజు నూనెకప్పుని గాలి పీల్చే దారిలో పెట్టాడు. చుక్క తర్వాత చుక్క పడుతూ ఉంటుంది. చిన్న సీసాతో మిషను నూనె ఇచ్చి, కప్పు ఎండనివ్వకు, ఎండిందంటే కంప్రెసర్ బిగుసుకుపోతుంది, అని చెప్పాడు.

మర్నాడు నాల్వా పంటు దిగి, షెడ్డుకి సరిగ్గా ఎదురుగా, కావాలనే, రోడ్డుకి ఇటుపక్క ఆపింది. తెల్ల స్విచ్చి నొక్కింది. బానెట్ కింద టక్కుమని పట్టుకున్న చప్పుడు, తర్వాత గుడగుడ. బల్ల కింద నుంచి గొట్టం లాగి చక్రం దగ్గర కూర్చుంది. చతికిలబడ్డ చక్రం కొంచెం కొంచెంగా లేచి నిలబడింది. వల్దెసీర్ షెడ్డు లోంచి అన్నాడు.

"ఏసీ గాలి పెడుతున్నావా వదినా. నీ చక్రాలకి జలుబు చేస్తుంది జాగ్రత్త."

"చేస్తే తుమ్ముతాయి. నీ మీద పడకుండా చూసుకో."

ఈసారి నవ్వినవాళ్ళు ఎక్కువ.

బెనే ఇచ్చిన సీసా కొద్దిరోజుల్లోనే అయిపోయింది. కప్పు సగానికి దిగింది. నాల్వా తల్లి డొమింగాస్ పెరట్లో నూనె తీసే బబాసు తాటికాయలు కొడుతోంది. ఆవిడ సముద్రానికి దూరంగా లోపలి పల్లెల్లో పుట్టిన మనిషి. కాలి కింద గొడ్డలి పెట్టి అంచు పైకి వచ్చేలా తొడతో నొక్కిపట్టి, కాయని ఆ అంచు మీద పెట్టి కర్రతో కొట్టి పగలగొట్టడంలోనే వయసంతా గడిచింది. ఆవిడ పడుచుతనంలో అక్కడి దొర తాటితోపుకి ముళ్ళకంచె వేసి కాయలు నావన్నప్పుడు, ఆడవాళ్ళందరూ కంచె కింద నుంచి పాక్కుంటూ పోయి కాయలు తెచ్చుకున్నారట. వాళ్ళలో అందరికంటే ముందు పాకింది తనేనని చెప్పుకునేది. ఆవిడ లెక్కలో బబాసు నూనెకి లొంగనిది లోకంలో లేదు. వంటకీ అదే, తలకీ అదే, దీపానికీ అదే, పసిపిల్లల ఒంటికీ, తలుపు బందులకీ, కుట్టుమిషనుకీ అదే.

"మిషను నూనె కొనడానికి పట్నం పోవాలా? నా సీసా తీసుకుపో," అంది.

నాల్వాకి తప్పు అనిపించలేదు. కుట్టుమిషను ఆ నూనెతోనే ఇన్నేళ్ళు తిరిగింది. కప్పు నిండా పోసింది. ఎండ రోజులు. నూనె నీళ్ళలా చుక్క చుక్క దిగింది, కంప్రెసర్ ఇంతకు ముందు కంటే మెత్తగా తిరిగింది. బండిలో కొబ్బరి కాల్చిన వాసన వచ్చేది. ఎక్కినవాళ్ళకి ఆకలి వేసేది.

ఒకరోజు రాత్రంతా కుండపోత, తెల్లవారేసరికి సముద్రం మీద నుంచి చలిగాలి. జనం దుప్పట్లు కప్పుకుని బండెక్కారు. నాల్వా బానెట్ ఎత్తి చూడలేదు. చూసి ఉంటే గాజు కప్పులో నూనె పేరుకుని, తెల్లగా కొవ్వొత్తిలా నిలబడి ఉండటం కనపడేది. బబాసు నూనె చలికి గడ్డకడుతుందని ఆమెకి పుట్టినప్పటి నుంచి తెలుసు. చలిపొద్దున తల్లి సీసాని పొయ్యి పక్కన పెట్టుకోవడం ఎన్నిసార్లు చూడలేదు? ఇంట్లో తెలిసిన సంగతి బండి దాకా రాలేదు, అంతే.

పంటు దిగి, షెడ్డుకి ఎదురుగా ఆపి, స్విచ్చి నొక్కింది. మొదటి చక్రం సగం నిండింది. అప్పుడు బానెట్ కింద పందిని కోస్తున్నట్టు అరుపు. బెల్టు పొగలు కక్కింది. టప్పుమని తెగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

షెడ్డు వాళ్ళు ముందు నోరు తెరిచి చూశారు, తర్వాత ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు. వల్దెసీర్ గొట్టం భుజాన వేసుకుని రోడ్డు దాటి వచ్చాడు. అతని మొహంలో వెటకారం లేదు. నిజంగానే జాలిపడ్డాడు. నాల్వాకి దానికే ఒళ్ళు మండింది.

"చాల్లే వదినా, నీకు నువ్వు చేసుకున్నది చాలు. ఒక్క మాట అను. రేపటి నుంచి వరసలో ఉంటానను. ఇప్పుడే గాలి పెట్టేస్తా. వీళ్ళందరూ నీ కోసం చలిలో కూర్చున్నారు."

అది నిజం. బండి మీద జ్వరంతో కాలిపోతున్న బిడ్డతో ఒక తల్లి ఉంది. ఫిలో ముసలమ్మ కంటి ఆపరేషనుకి పిలుపు వచ్చింది ఆ రోజే. నాల్వా వాళ్ళ వంక చూసింది. ఒక్క మాటే గదా. మాట అనేసి, గాలి పెట్టించుకుని, రేపు మళ్ళీ హారను కొడితే ఏం చేస్తారు? కానీ మాట అంటే దాని మీద నిలబడాలి. నిలబడితే రేపు ఈ బిడ్డని ఎవరు తెస్తారు?

ఆమె సీటు కింద నుంచి చేతిపంపు తీసింది. బిడ్డ తల్లిని మాత్రం దింపి, ఆ దారినే పోతున్న మోటారుసైకిలు వాణ్ణి ఆపి ఎక్కించి పంపింది. ఇద్దరు చేపలవాళ్ళు తిట్టుకుంటూ బుట్టలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయారు. మిగతావాళ్ళు కాసేపు కూర్చున్నారు. తర్వాత ఫిలో ముసలమ్మ, కళ్ళు కనపడని మనిషి, తడుముకుంటూ దిగి పంపు పిడి ఎక్కడుందని అడిగింది.

"మీరెందుకమ్మా," అంది నాల్వా.

"పంపు కొట్టడానికి కళ్ళెందుకే," అంది ముసలమ్మ.

తర్వాత అందరూ దిగారు, వంతులు వేసుకుని కొట్టారు. ఆపరేషను వేళ దాటిపోయింది. ఫిలో ఇంకో నెల చీకట్లో గడిపింది. ఆ నెల నాల్వాని కోసింది. ఎవరి దగ్గరా పైకి అనలేదు గానీ, ఆ నెలంతా ముసలమ్మ ఇంటికి నీళ్ళు తనే మోసింది.

బెనే కంప్రెసర్ విప్పి, వేలితో లోపల నుంచి తెల్లటి ముద్ద గీకి, వాసన చూశాడు.

"ఏం పోశావు?"

చెప్పింది.

"దీన్ని తీసుకెళ్ళి చర్చిలో వెలిగించుకో," అన్నాడు. తర్వాత చాలాసేపు తిట్టాడు, తిడుతూనే ఇంకో చచ్చిన కారు నుంచి ఇంకో కంప్రెసర్ విప్పాడు. దాని చుట్టూ తిరుగుతున్నంతసేపూ ముసలమ్మలనీ, తాటిచెట్లనీ, మారన్యావ్ రాష్ట్రం మొత్తాన్నీ కలిపి తిట్టాడు.

డొమింగాస్ మాత్రం తగ్గలేదు. "నా నూనెకి ఏ తప్పూ లేదు. మీ యంత్రానికే చలి ఎక్కువ," అంది. ఆ రోజు నుంచి నాల్వా బండెక్కే ముందు ఆవిడ గుమ్మంలో నిలబడి, "నూనె చూశావా?" అని అడగడం మొదలుపెట్టింది. నాల్వా బానెట్ ఎత్తి కప్పు చూసి, చూశానని చెప్పాకే హారను మోగేది.

జూలైలో, జనం బాగా దిగిన రోజుల్లో, నాల్వా మధ్యాహ్నం బండి తోలుకుని సొకోకి పోతోంది. పెద్ద దిబ్బల మధ్య పల్లంలో వల్దెసీర్ బండి ఒరిగి ఉంది. కొత్తగా తెప్పించుకున్న వెడల్పాటి టైర్లు. గాలి బాగా తీసి దిబ్బ మీద పక్కకి తిప్పేసరికి ఒక టైరు రిమ్ము లోంచి ఊడి వచ్చేసి నాలికలా వేలాడుతోంది. స్టెప్నీ ఉండాల్సిన చోట నీళ్ళు చూడటానికి వచ్చినవాళ్ళ కూల్ డ్రింకుల పెట్టె ఉంది. ఆ జనం నీడ లేక బండి అంచున నక్కి కూర్చున్నారు. ఒకామె ఏడుస్తోంది. గాలి పెట్టే షెడ్డు నదికి ఆవల, ఎంతో దూరంలో.

నాల్వా బండి ఆపి దిగింది. ఆమె బండి మీది పల్లెవాళ్ళలో ఎవరో మెల్లగా, మనకెందుకు, పోదాం పద అక్కా, అన్నారు.

వల్దెసీర్ ఆమె వంక చూడలేదు. చక్రం వంక చూస్తూ నిలబడ్డాడు.

"జాకీ ఎత్తు," అంది నాల్వా.

అతను ఎత్తాడు. ఆమె టైరు లోపల నుంచి ఇసక చేత్తో తోడేసింది, గుడ్డతో అంచు తుడిచింది. సీటు కింద నుంచి తల్లి చేసిన బబాసు సబ్బు ముక్క తీసి, నీళ్ళలో నురగ చేసి టైరు అంచంతా పట్టించింది. వాల్వు పుల్ల విప్పేసింది. బండి వేసి, తెల్ల స్విచ్చి నొక్కి, ట్యాంకు నిండేదాకా ఆగింది. మీటరు ముల్లు చివరికి వచ్చాక గొట్టం పెట్టి ఒక్కసారిగా వదిలింది. టైరు ఉబ్బి, సబ్బు నురగ మీద జారి, టప్, టప్ మని రిమ్ములో కూర్చుంది. ఏడుస్తున్నామె చప్పట్లు కొట్టింది.

నాల్వా వాల్వు పుల్ల బిగించి, మళ్ళీ గాలి పెట్టి, ఇసకకి సరిపడా ఉంచింది. ఇదంతా అతన్ని ఏమీ అడగకుండానే చేసింది. తర్వాత గొట్టం చుట్టి బల్ల కింద పెట్టింది.

ఎంతివ్వాలి వదినా, అన్నాడు వల్దెసీర్.

"రేపు పొద్దున సొకోకి ఒక బండి పంపు. జనం ఎక్కువయ్యారు, నా ఒక్క బండిలో చోటు చాలటం లేదు. రేపే కాదు, రోజూ ఎవరో ఒకరు."

"సంఘం కట్టడి ఉంది కదా."

"కట్టడి షెడ్డులో ఉంది. నువ్విప్పుడు ఇసకలో ఉన్నావు." ముల్లుని పెదవి మూలకి నెట్టింది. "పంపకపోయినా టైరు మళ్ళీ ఊడదీయనులే. భయపడకు."

బండెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారకముందు సొకోలో హారను నాలుగుసార్లు మోగింది. రెండు నాల్వావి. రెండు వల్దెసీర్ వి. అతను ఎవర్నీ పంపలేదు, తనే వచ్చాడు. దిగకుండా, ఎవరి వంకా చూడకుండా, ఎక్కేవాళ్ళని ఎక్కనిచ్చాడు. ఆ వారమే సంఘంలో వంతులు మారాయి. ఎలా మారాయో, ఎవరు ఏమన్నారో అతనెప్పుడూ చెప్పలేదు. షెడ్డులో గొట్టం మేకు మీద నుంచి దిగి బయట రాయి మీద ఉండేది, ఎవరైనా తీసుకోవచ్చన్నట్టు. నాల్వా ఆ గొట్టం ముట్టుకోలేదు. బతికినన్నాళ్ళూ ముట్టుకోలేదు. తర్వాత రోడ్డు మీద పెట్రోలు బంకు వచ్చింది, అక్కడ గాలి ఊరికే పెట్టేవాళ్ళు. అక్కడా పెట్టించుకోలేదు. తన గాలి తన దగ్గరుందని చెప్పేది. కంప్రెసర్లు మాత్రం మూడు మార్చింది.

నాల్వా పోయింది కొన్నేళ్ళ తర్వాత, వానల్లోనే. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పట్నం ఆసుపత్రిలో ఉండనని గొడవపెట్టి ఇంటికొచ్చేసింది, రెండుమూడు రోజులు గుమ్మంలో కూర్చుని బండి వంకే చూసింది. జోసియెల్ పక్కనే పెట్టాలని అడిగింది, అతన్ని పెట్టింది పట్నం శ్మశానంలో. అందుకని ఆమె కూడా ఆ దారినే, ఆ బండి మీదే పోవాలి. ఎవరు తోలాలన్న ప్రశ్నే రాలేదు. వల్దెసీర్ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. అప్పటికి అతనికీ జుట్టంతా నెరిసింది, పొట్ట కరిగింది. ఫిలో ముసలమ్మ పేటిక పక్కన బల్ల మీద కూర్చుంది. ఆపరేషను తర్వాత కళ్ళు బాగానే కనపడుతున్నాయి, కానీ దారి పొడుగునా మూసుకునే ఉంది. డొమింగాస్ ముందు సీట్లో, నాల్వా ఒకప్పుడు కూర్చున్న చోట. కూతురి టోపీ ఒళ్ళో పెట్టుకుంది. టోపీ పట్టీలో ముళ్ళు అలాగే ఉన్నాయి.

పంటు దిగారు. చక్రాలు మెత్తగా ఉన్నాయి. షెడ్డు ఇప్పుడు వల్దెసీర్ మేనల్లుడిది. అతను బండి రావడం చూసి, టోపీ తీసి, గౌరవంగా గొట్టం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వల్దెసీర్ చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు. బండిని షెడ్డుకి ఎదురుగా, రోడ్డుకి ఇటుపక్కకి తిప్పి ఆపాడు.

తెల్ల స్విచ్చి మీద వేలు పెట్టాడు.

"నూనె చూశావా?" అంది డొమింగాస్.

వల్దెసీర్ వేలు తీసేశాడు. దిగి, బానెట్ ఎత్తి, వంగి గాజు కప్పులోకి చూశాడు. వాన పడుతోంది, చలిగా ఉంది. చాలాసేపు చూశాడు.

"చూశానమ్మా," అన్నాడు. వచ్చి కూర్చుని స్విచ్చి నొక్కాడు.